ముక్తి సదనపు తల్లి - పండిత రమాబాయి

మన డయోసిస్ శతవార్షికోత్సవము సందర్భముగా పాత బాప్తిస్మపు రిజిస్టరులను తిరుగవేయు భాగ్యము మాకు కలిగినది. ఒక్కొక్క పుటలో పేర్లు, తేదీలు, పాదిరిగారి సంతకములు. ఆ పేర్లుగలవారి హృదయములలో ఏమి జరిగినదో ఏ రిజిస్టరు చెప్పగలదు? ఈ ఆలోచనతో ఉన్నప్పుడు మాకు పండిత రమాబాయి జ్ఞాపకమునకు వచ్చెను. ఆమె బాప్తిస్మము పొందిన తేదీ ఒకటి, ఆమెకు సమాధానము దొరికిన కాలము మరియొకటి. ఆ రెండింటి నడుమ సుమారు ఎనిమిది సంవత్సరములు గడచెను.

రమాబాయి 1858 ఏప్రిల్ 23న పడమటి కనుమలలోని గంగామూల అడవిలో జన్మించెను. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే గొప్ప సంస్కృత పండితుడు. స్త్రీలకు సంస్కృతము నేర్పరాదని లోకము వాదించిన ఆ దినములలో ఆయన తన భార్య లక్ష్మీబాయికి నేర్పెను. ఆ తల్లి తెల్లవారక ముందే కుమార్తెను లేపి పాఠము చెప్పుచుండెను. కుటుంబమంతయు పుణ్యక్షేత్రములు తిరుగుచు, పురాణములు చదివి వినిపించుచు, వచ్చినదంతయు దానధర్మములకే వెచ్చించుచు బ్రతికిరి. కరవు వచ్చెను. కూలిపని చేయుట వారికి తెలియదు, బిచ్చమెత్తుటకు మనసొప్పదు. మన తిరుపతి కొండల ప్రాంతమునకు వచ్చునప్పటికి చేతిలో గింజ లేదు. అడవిలో పదకొండు దినములు ఆకులు తిని, నీళ్ళు త్రాగి గడపిరి. 1874లో తండ్రి చనిపోయెను. కొద్ది కాలములోనే తల్లి, ఆ తరువాత అక్క కూడ పోయిరి. అన్నాచెల్లెండ్రిద్దరు మాత్రము మిగిలి వేలకొలది మైళ్ళు కాలినడకన తిరిగిరి. ఆ ఆకలి మన తెలుగు నేలమీద పడిన ఆకలియే అని మనలో ఎందరము ఎరుగుదుము? వేదాంత కళాశాలలో సంఘచరిత్ర చదివినప్పుడు ఈమెనుగూర్చి మాకు దొరికినది రెండు వాక్యములే.

1878లో కలకత్తా పండితులు ఆమె విద్వత్తును పరీక్షించి పండిత, సరస్వతి అను బిరుదులిచ్చిరి. 1880లో అన్న మరణించెను. ఆ సంవత్సరమే ఆమె కులము విడిచి బిపిన్ బిహారీ మేధావి అను బెంగాలీ వకీలును వివాహమాడెను. రెండేండ్లు నిండకమునుపే ఆయన కలరాతో చనిపోగా, పసిబిడ్డ మనోరమతో ఆమె విధవరాలుగా మిగిలెను. భర్త పుస్తకములలో దొరికిన బెంగాలీ లూకా సువార్త ఆమెకు క్రీస్తును పరిచయము చేసెను.

1883లో ఇంగ్లాండునకు వెళ్ళి వాంటేజిలోని ఆంగ్లికన్ సహోదరీల మఠములో ఉండెను. ఆ సహోదరీలు లండనులోని ఫుల్హామ్‌లో నడుపుచున్న ఒక గృహమును ఆమెకు చూపిరి. చెడిపోయినవారని లోకము విసర్జించిన స్త్రీలను అక్కడ చేర్చుకొని ప్రేమతో పోషించుచుండిరి. రమాబాయి నివ్వెరపోయెను. అట్టివారిని ఊరి వెలుపలికి నెట్టుటయే ఆమె ఎరిగిన ధర్మము. ఈ కనికరము ఎక్కడినుండి వచ్చినదని అడుగగా, ఒక సహోదరి ఆమెకు యోహాను సువార్త నాలుగవ అధ్యాయము, సమరయ స్త్రీ వృత్తాంతము చదివి చెప్పెను. ఆ సెప్టెంబరు 29న రమాబాయి తన బిడ్డతో కూడ బాప్తిస్మము పొందెను.

అయినను మనసు నిమ్మళించలేదు. సిద్ధాంతములనుగూర్చి ఆ సహోదరీలతోనే గట్టిగా వాదించెను. తెలియనిది ఒప్పుకొనుట ఆమె స్వభావము కాదు. అమెరికా వెళ్ళి, అగ్రవర్ణ హిందూ స్త్రీల దుస్థితినిగూర్చి 1887లో ఒక పుస్తకము ప్రచురించి, దానిని తల్లి జ్ఞాపకార్థము అంకితమిచ్చెను. ఆచారములను ఎంత కఠినముగా విమర్శించినను, తలిదండ్రులను ప్రేమతోనే తలంచుకొనెను. 1889లో బొంబాయిలో బాలవిధవల కొరకు శారదా సదనము స్థాపించెను. మరుసటి సంవత్సరము అది పూనాకు మారెను. ఇంత పని చేయుచుండగనే, తాను క్రీస్తు మతమును పట్టుకొనినది గాని క్రీస్తును ఎరుగలేదని 1891 ప్రాంతమున గ్రహించెను. పాపక్షమాపణ పాండిత్యమునకు బహుమానము కాదని, దిక్కులేనిదానివలె చేయి చాచి పుచ్చుకొనవలసినదని ఆమెకు తేటపడెను. పాదిరులమైన మాకు ఇది చదువుట సుళువు కాదు. ఎనిమిదేండ్లు క్రైస్తవురాలుగా పేరు పొంది, ఆ మాట ఒప్పుకొనుటకు ఎంత ధైర్యము కావలెను!

పరీక్ష వెంటనే వచ్చెను. ఆమె ప్రార్థించుకొను గది తలుపు తెరచియుండుటచేత బాలికలు లోనికి వచ్చి కూర్చుండుచుండిరి. వారిని మతము మార్చుచున్నదని 1893లో పూనా పత్రికలలో దుమారము లేచెను. సలహా సంఘములోని పెద్దలు రాజీనామా చేసిరి. సంరక్షకులు తమ బాలికలను తీసికొనిపోయిరి. రమాబాయి మాత్రము తలుపు మూయలేదు.

1896-97లో మధ్య పరగణాలలో కరవు వచ్చినప్పుడు తన చిన్ననాటి ఆకలి ఆమెకు గుర్తు వచ్చెను. తానే బయలుదేరి సుమారు మూడువందలమంది బాలికలను, విధవలను వెంటబెట్టుకొని వచ్చెను. వీరిలో అనేకులు ఆమె మేలుకోరువారు నిషేధించిన కులములవారు. పూనాకు తూర్పున కేడగాఁవ్‌లో ముక్తి సదనము ఆ విధముగా పెరిగెను. 1900 నాటి గుజరాతు కరవు తరువాత అక్కడ సుమారు రెండువేలమంది ఉండిరి. నేత, సేద్యము, వంట, అచ్చుపని అన్నియు వారే చేసిరి. అంధులకు బ్రెయిలు లిపి నేర్పిరి. ఫుల్హామ్‌లో చూచినదానిని కూడ ఆమె మరువలేదు. లోకము విసర్జించిన స్త్రీలకొరకు అదే ప్రాంగణములో కృపా సదనము కట్టించెను. మన పాస్టరేటు కమిటీలలో ఇట్టి స్త్రీ పేరు వచ్చినప్పుడు ఏమి మాటలాడుకొందుమో మాకును తెలియును, చదువరులకును తెలియును.

1905 జూన్‌లో ఆ బాలికలమధ్య ఉజ్జీవము కలిగెను. పాపములు ఒప్పుకొని ఏడ్చినవారు ప్రార్థనాబృందములుగా పల్లెలకు వెళ్ళిరి.

చివరి సంవత్సరములను ఆమె బైబిలు తర్జుమాకు అర్పించెను. చదువురాని పల్లె స్త్రీకి అర్థము కావలెనని హెబ్రీ, గ్రీకు భాషలు నేర్చుకొని సులభమైన మరాఠీలోనికి తర్జుమా చేసెను. సంస్కృత పండితురాలు కఠినపదములు ఒక్కొక్కటి తీసివేయుచుండగా, కరవులో దొరికిన బాలికలు అచ్చుకూర్చిరి. 1921లో మనోరమ తల్లికంటె ముందుగా చనిపోయెను. రమాబాయి పని ఆపలేదు. తర్జుమా ముగించి, 1922 ఏప్రిల్ 5న కేడగాఁవ్‌లో ప్రభువునందు నిద్రించెను. రెండు సంవత్సరముల తరువాత ఆ బైబిలు ముక్తి అచ్చుయంత్రముమీదనే సంపూర్ణముగా వెలువడెను.