న్యేరీలోని శాంతి గృహము

ఆఫ్రికా ఖండమున కెన్యా దేశములో న్యేరీ అను పట్టణము కలదు. అచ్చట ఔట్‌స్పాన్ అను హోటలు తోటలో పాక్స్‌టూ అను చిన్న ఇల్లు ఉన్నది. అది ఇప్పుడు స్కౌటు ఉద్యమ చరిత్రను భద్రపరచు ప్రదర్శనశాల. నానా దేశముల నుండి వచ్చు స్కౌటులు తమ మెడ రుమాళ్లను, బిళ్లలను గుర్తుగా అచ్చట విడిచి పోవుదురు. స్కౌటు ఉద్యమ స్థాపకుడైన రాబర్టు బేడెన్ పవెల్ తన చివరి దినములను గడిపినది ఆ ఇంటిలోనే. గొప్ప భవనములను చూడగోరువారికి అచ్చట చూడదగినది స్వల్పము. కాని యుద్ధములలో పేరు పొందిన ఒక సైనికుడు తన తుది నివాసమునకు శాంతి అను పేరు ఎట్లు పెట్టుకొనెనో తెలిసికొనగోరువారు ఆయన జీవితమును మొదటినుండి చూడవలసియున్నది.

ఆయన 1857వ సంవత్సరము ఫిబ్రవరి 22న లండనులో జన్మించెను. తండ్రి ఆంగ్లికన్ సంఘమున గురుపట్టము పొందినవాడు, ఆక్స్‌ఫర్డులో రేఖాగణిత ఆచార్యుడు. 1860లో ఆ తండ్రి మరణించునప్పటికి బాలునికి మూడేండ్లే. తల్లి హెన్రియెట్టా గ్రేసు ధైర్యశాలి. బిడ్డల పెంపకమంతయు ఆమెపై పడెను. ఛార్టర్‌హౌస్ పాఠశాలలో ఆయన చదువులో అంతగా రాణింపలేదు. పాఠశాల ప్రక్కనున్న చిట్టడవిలోనికి దొంగచాటుగా పోయి, కుందేళ్లను పట్టి, పొగ పైకి కనబడకుండ వండుకొనుట మాత్రము బాగుగా నేర్చుకొనెను. ఉపాధ్యాయులకు ఇది తెలిసియుండినయెడల శిక్ష తప్పకపోయెడిది. లోకములోని లక్షలాది బాలురకు ఆయన తరువాత బోధించినది చాలవరకు ఆ చిట్టడవి పాఠమే.

ఆక్స్‌ఫర్డులో ప్రవేశము దొరకకపోగా ఆయన సైన్యమున చేరి, 1876లో భారతదేశమునకు వచ్చెను. మొదట లక్నోలో ఉండెను. గుఱ్ఱముపై అడవిపందిని ఈటెతో వేటాడుటలో మేటియై, 1883లో కాదిర్ కప్పు అను బహుమానమును గెలుచుకొనెను. మరల 1897 మొదలు రెండేండ్లు మీరటులో దళాధిపతిగా ఉండి, శత్రువుల జాడ తీయుటలో సైనికులకు తర్ఫీదు నిచ్చెను. ఆ పాఠములతో వ్రాసిన చిన్న పుస్తకము 1899లో వెలువడెను. అది సైనికుల కొరకు వ్రాయబడినది. బాలుర తలంపు అందులో లేదు.

ఆయన జీవితములో మరుగుపరచరాని సంగతులును కలవు. 1896లో, నేటి జింబాబ్వే దేశమున, మటబేలే జనులు ఆంగ్లేయులపై తిరుగబడినప్పుడు, బందీగా చిక్కిన ఉవీనీ అను నాయకుని ఆయన తుపాకులతో కాల్పించెను. విచారణ సంఘము ఆయన యందు తప్పు లేదని తేల్చెను గాని, ఒక మనుష్యుని ప్రాణము అట్టి తీర్పుతో తిరిగి రాదు. తరువాత దక్షిణాఫ్రికాలో బోయరుల యుద్ధము వచ్చెను. మఫెకింగు పట్టణము 1899 అక్టోబరు మొదలు 1900 మే వరకు 217 దినములు ముట్టడింపబడగా, ఆయన దానిని కాపాడి ఆంగ్ల ప్రజలకు ఆరాధ్య వీరుడాయెను. అయితే ఆ ముట్టడిలో నల్లవారు తెల్లవారికంటె ఎక్కువ ఆకలిబాధ ననుభవించిరి. లండను వీధులలో ఉత్సవము చేసినవారు వారిని తలంచియుండరు.

ఆ ముట్టడిలోనే ఆయన దృష్టిలో పడినవారు కొందరు చిన్న బాలురు. వారు పట్టణములో వార్తలు చేరవేయుట మొదలగు పనులు చేసిరి. నమ్మి బాధ్యత నిచ్చినయెడల బాలుడు దానిని మోయగలడని ఆయన గ్రహించెను. ఇంగ్లండునకు తిరిగి వచ్చి చూడగా, సైనికుల కొరకు తాను వ్రాసిన పుస్తకమును బాలురు చదువుచుండిరి. అదే సమయమున విలియం అలెగ్జాండర్ స్మిత్తు అను భక్తునితో పరిచయము కలిగెను. ఆ స్మిత్తు స్కాట్లండులో ఆదివారపు బడి ఉపాధ్యాయుడు. 1883లో గ్లాస్గోలో బాయ్స్ బ్రిగేడ్ స్థాపించినవాడు. బాలుర కొరకు ఆ పుస్తకమును తిరిగి వ్రాయుమని ప్రోత్సహించినది ఆయనయే. ఆదివారపు బడులలో పేరు లేకుండ పనిచేయు ఉపాధ్యాయులు ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనదగును.

1907 ఆగస్టులో బ్రౌన్‌సీ అను దీవిలో సుమారు ఇరువదిమంది బాలురతో మొదటి శిబిరము జరిగెను. ధనికుల బిడ్డలును, పనివారి బిడ్డలును ఒక్క గుడారములలో పండుకొనిరి. ఉదయమున వారిని మేల్కొలిపినది కూడూ అను పెద్ద జింక కొమ్ముతో చేసిన బూర. అది మటబేలే యుద్ధములో ఆయన చేజిక్కించుకొనినది. మనుష్యులను యుద్ధమునకు పిలిచిన బూర బాలురను ఉదయ ప్రార్థనకును ఆటలకును పిలిచెను. 1908లో పుస్తకము భాగములుగా వెలువడినది. బాలుర గుంపులు ఎవరును ఆజ్ఞాపింపకయే పుట్టుకొని వచ్చెను. బాలికలు తామును చేరెదమని పట్టుపట్టగా, 1910లో సహోదరి ఆగ్నెసు సహాయముతో గైడు ఉద్యమము ఆరంభమాయెను. ఆ సంవత్సరమే ఆయన సైన్యమును విడిచెను. 1912లో ఓలేవ్‌ను వివాహమాడెను. ఆయనకు అప్పటికి ఏబదియైదేండ్లు, ఆమెకు ఇరువదిమూడు. ఇద్దరి జన్మదినమును ఒకటే.

మన దేశమున 1909లోనే బెంగుళూరులో స్కౌటు దళము ఏర్పడెను గాని, ఆ తలుపు భారతీయ బాలురకు తెరువబడలేదు. స్కౌటులందరు సహోదరులని తన నియమములలో వ్రాసినవాని ఉద్యమమునకు ఇది సిగ్గుచేటు. మనవారు ఊరకుండలేదు. 1913లో షాజహాన్‌పూరులో శ్రీరామ్ బాజ్‌పాయి, 1917లో మద్రాసులో అనీబిసెంటు, మరుసటి సంవత్సరము మదనమోహన మాలవీయ ప్రభృతులు భారతీయ బాలుర కొరకు సంఘములు స్థాపించిరి. 1921లో బేడెన్ పవెల్ ఇచ్చటికి వచ్చి చూచిన పిమ్మట అనీబిసెంటు సంఘము ఆయన సంఘముతో ఏకమాయెను. మాలవీయ పక్షమువారు వేరుగానే ఉండిరి. ఆ చీలిక మానుటకు స్వాతంత్ర్యము రావలసి వచ్చెను. 1950 నవంబరు 7న భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ ఏర్పడెను.

మొదటి ప్రపంచ యుద్ధము ముగిసిన తరువాత దంపతులు ఇంగ్లండులో కొన్న ఇంటికి పాక్స్ హిల్ అని పేరు పెట్టిరి. పాక్స్ అనగా లాటిను భాషలో శాంతి. 1920లో లండనులో పలు దేశముల స్కౌటులు కూడిన మొదటి జంబూరీ జరిగెను. రెండేండ్ల క్రిందటి వరకు ఒకరినొకరు చంపుకొనిన లోకములో బాలురు చేతులు కలిపిరి. 1937లో హాలండు జంబూరీలో ఎనుబదేండ్ల వృద్ధుడు వారియొద్ద సెలవు తీసికొనెను. మరుసటి సంవత్సరము ఆరోగ్యము కొరకు న్యేరీ చేరెను. ఔట్‌స్పాన్ యజమాని ఎరిక్ వాకరు ఒకప్పుడు స్కౌటు పనిలో ఆయనకు సహాయకుడు. ఆ తోటలో కట్టబడిన క్రొత్త ఇల్లు రెండవ పాక్స్ గనుక దాని పేరు పాక్స్‌టూ ఆయెను. అచ్చట వ్రాయుచు, అడవి మృగముల చిత్రములు గీయుచు కాలము గడిపెను. 1939లో మరల యుద్ధము వచ్చినది. తాను ఏకము చేయగోరిన బాలురే పెరిగి, తిరిగి ఒకరిపై ఒకరు తుపాకులెత్తిన వార్తలు శాంతి అను పేరుగల ఆ ఇంటికి చేరుచుండెను.

1941 జనవరి 8న ఆయన మరణించెను. తరువాత మన కుమావూను కొండలలో పులుల వేటగాడైన జిమ్ కార్బెట్టు తన సహోదరితో వచ్చి ఆ ఇంటిలోనే నివసించి, 1955లో మరణించి, అదే శ్మశానవాటికలో పాతిపెట్టబడెను. 1977లో ఓలేవ్ చితాభస్మమును ఇంగ్లండు నుండి తెచ్చి భర్త సమాధిలో ఉంచిరి. ఆ సమాధి రాతిపై ఒక చిన్న వలయము, దాని నడుమ ఒక చుక్క చెక్కబడియున్నవి. అడవి దారిలో వెనుక వచ్చు తోటివారికొరకు, తాను ఇంటికి వెళ్లిపోయితినని తెలుపుటకు స్కౌటు నేలపై గీయు గుర్తు అది.