క్లౌ దొర వివేచన

జాన్ ఎవరెట్ క్లౌ 1836వ సంవత్సరమున అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమున జన్మించెను. యౌవనమున మిన్నెసోటా సీమలో భూముల సర్వే పనిలో కుదిరెను. అప్పుడాయనకు మతమునందు ఆసక్తి లేదు. తరువాత కళాశాలలో చదువుచుండగా మనసు మారి బాప్తిస్మము పొందెను. న్యాయవాది కావలెనను కోరికను విడిచి మిషనరీ అయ్యెను. 1865లో భార్య హారియెట్‌తో మద్రాసున దిగి, మరుసటి యేడు ఒంగోలున కాపురము పెట్టెను. అమెరికను బాప్టిస్టులు నెల్లూరు కేంద్రముగా నడుపుచుండిన తెలుగు మిషను, ఏండ్ల తరబడి శ్రమించినను ఫలము కానరాక, అంతకుముందే మూసివేతవరకు వచ్చియుండెను.

దొర పెట్టిన బడికి పట్టణమందలి బ్రాహ్మణ కుటుంబములు తమ పిల్లలను పంపిరి. పెద్దకులములవారు ముందు చేరినచో తక్కిన జనము వెంటవచ్చునని ఆ కాలమున పెక్కుమంది మిషనరీల నమ్మిక. ఇంతలో, యోగమార్గమున దైవమును వెదకి తుదకు క్రైస్తవుడైన యెర్రగుంట్ల పేరయ్య వెంట మాదిగ కులస్థులు రాసాగిరి. వారిని చేర్చుకొన్నచో తమ పిల్లలు బడికి రారని పట్టణపు పెద్దలు తెలిపిరి. ఒకదిక్కున బడి, పలుకుబడి; మరొకదిక్కున ఊరివెలుపలి పల్లె. దంపతులిద్దరును వేర్వేరు గదులలో బైబిలు తెరచిరి. ఇద్దరికిని పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలో, లోకము హీనులుగా నెంచినవారినే దేవుడు కోరుకొనెనను భాగమే కన్పించెను. కంటబడిన వాక్యమును పట్టుకొని నడచుట సులభమార్గమని కొందరందురు. కాని ఆ వాక్యము వారికి సుఖమైన దారిని చూపలేదు. అగ్రవర్ణముల పిల్లలు బడి విడిచిరి. క్లౌ మాదిగపల్లెలకు నడచెను.

1876లో ధాత కరవు వచ్చెను. క్లౌ బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో మూడున్నర మైళ్ల కంట్రాక్టు పుచ్చుకొనెను. నాడు నేర్చిన సర్వే విద్య నేడక్కరకు వచ్చెను. వేలమంది వచ్చి మన్ను మోసి కూలి తీసికొనిరి. బోధకులే మేస్త్రీలై పని చేయించిరి. విరామవేళ క్రీస్తు కథ చెప్పిరి.

జనము బాప్తిస్మమడిగిరి. సువార్త చెప్ప వచ్చినవానికి ఇంతకంటె కోరదగినదేమి? అయినను క్లౌ ఇయ్యలేదు. ఆకలిగొన్నవాని అడుగులో విశ్వాసమెంత, గంజి యెంత అని తూచు త్రాసు మనుష్యుని చేతిలో లేదు. కనుక ఆ పరీక్షను కాలమునకే విడిచెను. ఏడాదికి మించి బాప్తిస్మములు నిలిచిపోయెను.

1878 నడుమ కరవు సహాయము ముగిసెను. ఇక పనియు ధనమును లేవని తెలిసియు జనము మరలిపోలేదు. ఇంకను కాదనుటకు తనకధికారము లేదని ఆయనకు తోచెను. జూలై 3న ఒంగోలునకు ఉత్తరమున వెల్లంపల్లి వద్ద, గుండ్లకమ్మ నదిలో, ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున నీటిలో నిలిచి ఆ కార్యము జరిపిరి. క్లౌ తాను నదిలో దిగలేదు.

అన్నముకొరకు వచ్చినవారేయని నిందించినవారు నాడును గలరు, పిదపను గలరు. కరవునాటి కృతజ్ఞత ఏ మనసులోను కలిసియుండలేదని ఎవ్వరు చెప్పగలరు? కూటికిని మతమునకును నడుమ తన చేతనైనంత ఎడము ఆయన పెట్టెను. 1910లో స్వదేశమున కన్నుమూసిన క్లౌను ఆ 2,222 అంకెతో తలచుట వాడుక. దానికి ముందు ఆయన కాదనుచు వేచిన దినములే ఆయన విశ్వాసమునకు గీటురాయి.