గుర్రం మీద చెయ్యి చేసుకోవద్దన్న జెనోఫోన్

సైట్లలో ఎండకు మాడే మనకు గుర్రాల కథతో పనేమిటి అనుకోవచ్చు. కానీ దాదాపు 2,400 ఏళ్ల కిందట పరాయి దేశంలో ఇరుక్కుపోయి, తోటివాళ్లను ఒడ్డుకు చేర్చిన మనిషి కథ ఇది. ఆయన పేరు జెనోఫోన్. గుర్రపు స్వారీ మీద గ్రీకు భాషలో ఆయన రాసిన పుస్తకాన్ని ఈరోజుకీ చదువుతున్నారు.

క్రీ.పూ. 430 ప్రాంతంలో ఏథెన్స్‌లో పుట్టాడు. సోక్రటీసు శిష్యుడు. క్రీ.పూ. 401లో ప్రోక్సెనస్ అనే స్నేహితుడు పిలిస్తే పర్షియా రాకుమారుడు సైరస్ దగ్గరకు వెళ్లాడు. మనలో చాలామంది దోస్తు పంపిన వీసా మీద విమానం ఎక్కినట్టే. అక్కడ జీతానికి చేరిన గ్రీకు సైనికులు పదివేల మందికి పైనే. చెప్పిన పని ఒకటి, తీసుకెళ్లింది ఇంకోచోటికి. అన్న మీద సింహాసనం కోసం యుద్ధమని వాళ్లకు దారిలోగానీ తెలియలేదు. ఇప్పటి ఇరాక్‌లో, బాబిలోన్‌కు దగ్గర్లోని కునక్సా దగ్గర సైరస్ చచ్చిపోయాడు. జీతమిచ్చే యజమాని లేడు. ఆ తర్వాత మాటలకని పిలిచి గ్రీకు సేనానుల్ని కూడా చంపేశారు. అప్పుడు సైనికులు ఎన్నుకున్న కొత్త నాయకుల్లో జెనోఫోన్ ఒకడు.

శత్రువుకు గుర్రపు దళం ఉంది, వీళ్లకు లేదు. సామాన్లు మోసే గుర్రాల్లోంచి మంచివి ఏరి, రాత్రికి రాత్రే 50 మంది రౌతుల్ని తయారుచేశారు. ఒకసారి కొండ ఎక్కుతుంటే, నువ్వు గుర్రం మీద, మేం డాలు మోస్తూ నడకా అని ఒక సైనికుడు గొణిగాడు. జెనోఫోన్ దిగి, అతని డాలు తీసుకుని, బరువైన కవచంతోనే ముందుకు నడిచాడు. సూపర్‌వైజర్లుగా మేం మరిచిపోలేని ఘట్టం ఇది.

క్రీ.పూ. 400లో నల్లసముద్రం ఒడ్డున, ఇప్పటి టర్కీలోని ట్రబ్జాన్ చేరారు. ఇంత చేసినా ఆయన చేతిలో దారి ఖర్చులకు డబ్బుల్లేవు. క్రీ.పూ. 399లో తన గుర్రాన్ని 50 బంగారు నాణేలకు అమ్ముకున్నాడు. ఆ గుర్రమంటే ఆయనకు ప్రాణమని తెలిసిన ఇద్దరు దాన్ని తిరిగి కొని తెచ్చిచ్చారు, డబ్బు ముట్టుకోలేదు.

స్పార్టా పక్షం చేరినందుకు సొంత ఊరు ఏథెన్స్ ఆయన్ను వెలివేసింది. ఒలింపియా దగ్గర స్కిల్లస్ అనే పల్లెలో స్పార్టా ఇచ్చిన భూమిలో చాలా ఏళ్లు బతికాడు.

స్వారీ పుస్తకంలో ఆయన చెప్పినవన్నీ చేతిపని తెలిసినవాడి మాటలు. గుర్రం కొనేటప్పుడు ముందు కాళ్లు, గిట్టలు చూడాలట. పునాది బాగోలేకపోతే పైన ఇల్లెంత అందంగా ఉన్నా దండగ అంటాడు. అప్పట్లో లాడాలు లేవు, రికాబులూ లేవు. గిట్టలు గట్టిపడాలంటే దొడ్డి బయట నాలుగైదు బళ్ల గుండ్రాళ్లు పరిపించి, గుర్రాన్ని వాటి మీద నిలబెట్టమన్నాడు. పిల్లను శిక్షకుడికి అప్పగించేటప్పుడు ఏమేం నేర్పాలో ముందే కాగితం రాసుకోమన్నాడు.

అసలు కిటుకు భయం దగ్గర ఉంది. గుర్రం దేన్నయినా చూసి బెదిరితే కొట్టొద్దు. ఆ దెబ్బ కూడా ఆ వస్తువు వల్లే తగిలిందనుకుని ఇంకా బెదురుతుంది. ముందు మనం దాన్ని ముట్టుకుని చూపించాలి, తర్వాత మెల్లగా దగ్గరకు నడిపించాలి. చెప్పినట్టు చేస్తే వెంటనే కాస్త సుఖం ఇవ్వాలి. కోపంలో ఉన్నప్పుడు గుర్రం జోలికే పోవద్దు.

ఊరి నుంచి కొత్తగా దిగిన కుర్రాడు పదో అంతస్తు పరంజా ఎక్కడానికి వణికితే అరిచేవాళ్లను మనం రోజూ చూస్తాం. అరుపుతో ఎక్కించినవాడి కాలు తడబడుతుంది. మేం ముందు ఎక్కి, బెల్టు కొక్కెం ఎక్కడ తగిలించాలో చూపిస్తే వాడే వెనక వస్తాడు.

క్రీ.పూ. 362లో కొడుకు గ్రిల్లస్ ఏథెన్స్ గుర్రపు దళంలోనే పోరాడి చనిపోయాడు. క్రీ.పూ. 354 ప్రాంతంలో జెనోఫోన్ కన్నుమూశాడు. వెలివేసిన ఊరి కుర్రాళ్లకు కూడా పనికొచ్చేలా తన పని రాసిపెట్టి పోయాడు. మనకు తెలిసిన పనిని పక్కవాడికి కసురుకోకుండా నేర్పడం కూడా అలాంటిదే.