నెత్తిన పుస్తకాల బుట్ట

హాస్టల్ అన్నం తిని చదువుకున్న మనం తెలుసుకోవలసిన రచయిత వట్టికోట ఆళ్వారుస్వామి. 1915లో నల్గొండ జిల్లా చెరువు మాదారంలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. ఒక ఉపాధ్యాయుని ఇంట్లో వంట చేసిపెడుతూ ఆయన దగ్గరే చదువు నేర్చుకున్నారు. తర్వాత విజయవాడలో హోటల్ సర్వర్, హైదరాబాదు గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్దే పని.

1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించారు. అచ్చువేసి ఊరుకోలేదు. పుస్తకాలు బుట్టలో పెట్టి, నెత్తిన మోస్తూ ఊరూరా తిరిగి అమ్మారు. ఆ తిరుగుడులోనే దొరల గడీలు, వెట్టిచాకిరి, లాక్కున్న భూములు దగ్గరగా చూశారు. తాను పుట్టి పెరిగింది కూడా అలాంటి పల్లెలోనే కదా! 'ప్రజల మనిషి' నవల అక్కడినుంచే వచ్చింది. అందులోని దిమ్మెగూడెం చదువుతుంటే, సంతకం రాని మా తాత చెప్పిన ముచ్చట్లే మళ్లీ విన్నట్టయింది.

నిజామాబాదు జైల్లో దాశరథి గోడమీద రాసిన పద్యాన్ని చెరిపేస్తే, ఈయన తిరిగి రాసి దెబ్బలు తిన్నారు. దాశరథిది మన జిల్లా చిన్నగూడూరే. 'అగ్నిధార'ను ఆళ్వారుస్వామికే అంకితమిచ్చారు.

1961లో, 45 ఏళ్లకే ఆళ్వారుస్వామి కన్నుమూశారు. రెండో నవల 'గంగు' పూర్తికాలేదు. రాసినంతవరకు ఆ తర్వాత అచ్చయింది.