విలియం ట్యూక్: గొలుసులు విప్పించిన టీ వర్తకుడు

అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల సంఘాలలో మనసు చెదిరినవారి కోసం ప్రార్థించమని తరచు అడుగుతుంటారు. జబ్బు ముదిరితే విశాఖపట్నం ప్రభుత్వ మానసిక వైద్యశాలకు తీసుకువెళతాం. 1871 నాటి ఆసుపత్రి అది. చేర్చి వచ్చాక మళ్లీ చూడడానికి మనలో ఎందరు వెళ్తున్నాం? విలియం ట్యూక్ జీవితాన్ని మలుపు తిప్పింది అలా చూడబోయిన కొందరి అనుభవమే.

ట్యూక్ 1732లో ఇంగ్లండులోని యార్కులో పుట్టారు. టీ వర్తకుడు, క్వేకరు విశ్వాసి. వైద్యం చదవలేదు. 1790లో హన్నా మిల్స్ అనే క్వేకరు విధవరాలిని ఆ ఊరి పిచ్చాసుపత్రిలో చేర్చారు. ప్రజల చందాలతో కట్టినదది. సంఘస్థులు పలకరించబోతే లోపలికి రానివ్వలేదు. కొన్ని వారాలకే ఆమె చనిపోయింది. లోపల ఆమెను ఎలా చూశారో బయటివారికి తెలియలేదు.

మనమే ఒక ఆసుపత్రి కడదామని ట్యూక్ తన సంఘాన్ని అడిగారు. మొదట చాలామందికి రుచించలేదు. ఆయన వదల్లేదు. 1796లో సుమారు 30 మందికి చోటుతో రిట్రీట్ తెరిచారు. రిట్రీట్ అంటే విశ్రాంతి స్థలం. ఆసుపత్రి అన్న మాటే పేరులో రానివ్వలేదు.

అక్కడికి ఒకసారి గెరాసేనుల దేశపువాణ్ణి తలపించే భారీ మనిషిని గొలుసులతో కట్టి తెచ్చారు. సూపరింటెండెంటు జెప్సన్ ఆ గొలుసులు విప్పించి, తమతో పాటు రాత్రి భోజనానికి కూర్చోబెట్టారు. నాలుగు నెలల్లో అతను బాగుపడి ఇంటికి వెళ్లాడు. అక్కడ కట్టడం అసలు లేదని కాదు. తప్పనప్పుడు కట్టేవారు, కాని గొలుసులతో కాదు. మన దేశంలో రోగిని గొలుసులతో కట్టకూడదని 2017 మానసిక ఆరోగ్య చట్టం చెబుతోంది. ఆ కాలంలో అదే వైద్యం.

పాత ఆసుపత్రి సంగతి 1814లో బయటపడింది. గాడ్‌ఫ్రే హిగ్గిన్స్ అనే మేజిస్ట్రేటు పట్టుబట్టి తలుపులు తీయిస్తే, ఎవరికీ చూపించని మురికి గదులు కనిపించాయి. రాత్రిళ్లు 13 మంది స్త్రీలను అందులో పెట్టేవారు. సిబ్బందిని తొలగించారు. వారంతా పుట్టుకతో క్రూరులని నేననుకోను. ఒక్కరు ఎందరినో చూసుకోవలసి వచ్చి, అడగడానికి బయటినుంచి ఎవరూ రానిచోట చెయ్యి తేలిగ్గా లేస్తుంది.

1815లో పార్లమెంటు కమిటీ విచారణ జరిపినప్పుడు ట్యూక్‌కు 83 ఏళ్లు. వెళ్లి సాక్ష్యమిచ్చారు. చివరి రోజుల్లో చూపు పోయింది. 1822 డిసెంబరులో, 90 ఏళ్ల వయసులో, యార్కులోనే ప్రభువునందు నిద్రించారు.