శాస్త్ర గ్రంథాల కరువు - కొమర్రాజు లక్ష్మణరావు పంతులుగారి కృషి

ఆంధ్ర దేశంలో విజ్ఞాన వ్యాప్తికి జీవితాన్ని ధారపోసిన మహనీయులలో కొమర్రాజు వేంకట లక్ష్మణరావు పంతులుగారు అగ్రగణ్యులు. వారిని చరిత్ర పరిశోధకులుగా, విజ్ఞాన సర్వస్వ నిర్మాతగా స్మరించుకోవడం పరిపాటి. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల నుండి చదువుకొనడానికి వచ్చే మా విద్యార్థులను దృష్టిలో ఉంచుకొని, మేము ఆ జీవితాన్ని మరొక వైపు నుండి పరిశీలింపదలచాము. కొత్త విద్య నేర్వగోరిన వానికి తన భాషలో పుస్తకం లేనప్పుడు ఏమి చేయాలి? పంతులుగారి నలభై ఆరేళ్ల జీవితం ఈ ఒక్క ప్రశ్నతోనే గడిచిందంటే అతిశయోక్తి కాదు.

మా కంప్యూటరు శాఖ విద్యార్థులు నేడు అడుగుతున్నదీ ఇదే. డివైస్ డ్రైవర్లు రాయడం నేర్చుకొనడానికి గ్రంథాలేవి అని వారి ఆరాటం. సాహిత్య విద్యార్థుల కోసం ఇక్కడ రెండు మాటలు చెప్పక తప్పదు. కీబోర్డు, ప్రింటరు వంటి పరికరాల భాష వేరు. కంప్యూటరును నడిపే ఆపరేటింగ్ సిస్టం భాష వేరు. ఆ రెండింటి నడుమ దుబాసీ వలె నిలిచే ప్రోగ్రామే డివైస్ డ్రైవరు. ఈ దుబాసీ పొరపడితే ఒక్కొక్కప్పుడు యంత్రమంతా స్తంభించిపోతుంది. కనుక ఈ విద్యకు వినికిడి జ్ఞానం చాలదు, నమ్మదగిన గ్రంథం కావాలి.

పంతులుగారు 1877 మే 18వ తేదీన కృష్ణా మండలంలోని పెనుగంచిప్రోలులో జన్మించారు. బాల్యంలోనే తండ్రిని కోల్పోయి, అక్కగారైన భండారు అచ్చమాంబ గారి అండన పెరిగారు. బావగారికి మధ్య పరగణాలలో ఉద్యోగం. నాగపూరు చదువుతో పంతులుగారికి మరాఠీ స్వభాష వంటిదైంది. విద్యార్థి దశలోనే ఆ భాషలో వ్యాసాలు రాశారు. బడి చదువు లేని అక్కగారికి తెలుగు, హిందీ నేర్పినది ఈ తమ్ముడే. అటుపిమ్మట ఆమె 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రచించి, తెలుగు సాహిత్య చరిత్రలో స్థిరమైన స్థానం పొందారు. పంతులుగారి తొలి శిష్యురాలు ఆమెయేనని మా అభిప్రాయం. చదువరిని ఎదుట కూర్చుండబెట్టుకొని చెప్పే అలవాటు వారికి ఆ ఇంటనే అబ్బింది కాబోలు.

ఎం.ఏ. పట్టం పొందిన పంతులుగారు మునగాల రాజా నాయని వేంకట రంగారావు గారి సంస్థానంలో దివానుగా పనిచేశారు. దివాను పదవి సుఖాసనమే. వారు మాత్రం సుఖపడలేదు. నిజాం రాష్ట్రంలో రాజభాష ఉర్దూగా ఉన్న ఆ రోజులలో, 1901 సెప్టెంబరు 1వ తేదీన, హైదరాబాదులో రావిచెట్టు రంగారావు గారి గృహంలో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం వెలసింది. దాని స్థాపనకు పూనుకొన్నవారిలో పంతులుగారు ముఖ్యులు. గ్రంథాలయమైతే ఏర్పడింది. అందులో నింపడానికి కావ్యాలు, పురాణాలు, శతకాలు ఉన్నాయి. భౌతిక శాస్త్రం కావాలన్న పిల్లవాని చేతిలో పెట్టడానికి ఏమున్నది?

ఈ కొరత తీర్చడానికి 1906లో విజ్ఞాన చంద్రికా మండలి పుట్టింది. గాడిచర్ల హరిసర్వోత్తమరావు, అయ్యదేవర కాళేశ్వరరావు, మునగాల రాజావారు ఇందులో సహచరులు. 1908లో మండలి మద్రాసుకు తరలింది. మండలి ప్రచురణలలో హరిసర్వోత్తమరావు గారి 'అబ్రహాం లింకను చరిత్ర' మొదటిది. చరిత్రల వెనుక శాస్త్రాలు వచ్చాయి. ఇక్కడ పంతులుగారి పద్ధతిని గమనించాలి. వారు శాస్త్రం రాయడానికి పండితులను వెదకలేదు. శాస్త్రం తెలిసినవారిని వెదకి పట్టుకొన్నారు. జీవశాస్త్రం రాసినవారు వైద్యవిద్య నేర్చిన ఆచంట లక్ష్మీపతి గారు. రసాయన శాస్త్రం వేమూరి విశ్వనాథశర్మ గారు, పదార్థ విజ్ఞాన శాస్త్రం మంత్రిప్రగడ సాంబశివరావు గారు రాశారు. విషయం వారిది, భాషను సరిచూచే భారం సంపాదకునిది. తెలుగు శాఖలో పనిచేసే మాబోటివారికి ఇందులో కొంత చురక కూడా ఉన్నది. నేడు డ్రైవరు రాసి నడిపించిన ఇంజనీరు తెలుగులో వంద పుటలు రాసి ఇస్తే, దిద్దిపెట్టడానికి మేమున్నాము. మేమై ఆ గ్రంథం రాయజాలము.

ఉర్దూ విద్యార్థులు గర్వింపదగిన ఉదాహరణ కూడా ఇక్కడే కలదు. 1917లో హైదరాబాదులో దారుల్ తర్జుమా ఏర్పడింది. మౌల్వీ అబ్దుల్ హక్ గారి నాయకత్వాన మొదలైన ఆ అనువాద శాఖలో పారిభాషిక పదాల నిర్ణయానికి ప్రత్యేకంగా సంఘాలు కూర్చున్నాయి. ఆ గ్రంథాల బలంతోనే ఉస్మానియా విశ్వవిద్యాలయంలో వైద్యం, ఇంజనీరింగు సైతం ఉర్దూలో బోధించారు. అక్కడ ప్రభుత్వపు అండ ఉన్నది. పంతులుగారికి ఉన్నది చందాదారులు, కొద్దిమంది మిత్రులు.

మా విద్యార్థుల ప్రశ్నకు ఇప్పటి స్థితిలో చెప్పదగినది చెప్పుతాము. సి భాష పునాది. కెర్నిఘన్, రిచీ గారల 1978 నాటి గ్రంథం నేటికీ ప్రామాణికం. తరువాత లినక్స్ డ్రైవర్లపై కార్బెట్, రుబిని, క్రోవా-హార్ట్‌మన్ గారల పుస్తకం. 2005 నాటి దాని మూడవ ముద్రణ ఉచితంగా లభిస్తుంది. లినక్స్ అప్పటి నుండి చాలా మారినందున అందులోని ఉదాహరణలు కొన్ని యథాతథంగా పనిచేయవు. అది దోషమనుకోరాదు, ఏమి మారిందో వెదకి సరిచేయడమే సగం చదువు. శ్రీకృష్ణన్ వెంకటేశ్వరన్ గారి 2008 నాటి గ్రంథం మరొకటి. వీటన్నిటినీ మించిన గ్రంథం లినక్స్ మూలరచనయే. అందులో అధిక భాగం డ్రైవర్లది. ఎవరైనను తెరచి చదువవచ్చును. నేర్చుకొనేవారు తమ ప్రోగ్రామును ముందు కల్పిత యంత్రంలో నడిపి చూడడం క్షేమం. ఇవన్నీ ఇంగ్లీషు గ్రంథాలే అన్నది వేరే చెప్పనక్కరలేదు.

1913లో బాపట్లలో ప్రథమాంధ్ర మహాసభ జరిగిన ప్రాంతంలోనే పంతులుగారు మద్రాసులో ఆంధ్ర విజ్ఞాన సర్వస్వానికి శ్రీకారం చుట్టారు. సకల శాస్త్రాలను అకారాదిగా సరళ గ్రాంథికంలో అందించాలని సంకల్పం. 'మహమ్మదీయ మహాయుగము' రచించిన ఆ చరిత్రకారుని చూపుకు మతభేదం, శాస్త్రభేదం లేవు. అయితే పని కొండంత, ఆయుర్దాయం గోరంత. మూడు సంపుటాలు వెలువడినా ఇంకా అకారం లోనే ఉండగా, 1923 జూలై 12న వారు మద్రాసులో కన్నుమూశారు. తరువాత కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు ఆ బరువును భుజాన వేసుకొన్నారు.

గ్రంథాలు పుట్టినా, పల్లెకు చేరకపోతే ప్రయోజనమేమి? ఆ పనికి మా ప్రాంతమే ముందుకు వచ్చింది. తెనాలి చేరువలోని పెదపాలెం వాస్తవ్యులు పాతూరి నాగభూషణం గారు 1935లో పెదవడ్లపూడి, కొల్లిపరల మధ్య కాలువపై పడవ గ్రంథాలయం నడిపించారు. పొలం పనికి వచ్చిన రైతు కాలువ గట్టుననే పుస్తకం తీసుకొని, పడవ మరల వచ్చినప్పుడు తిరిగి ఇచ్చే వీలు ఆ విధంగా కలిగింది.