తప్పును తెలిపే గంట - చార్లెస్ బాబేజ్

యంత్రము తప్పు చేయరాదని కోరిన శాస్త్రజ్ఞులు అనేకులు. మనిషి అందించిన తప్పును యంత్రమే కనిపెట్టి తెలుపవలెనని ఆశించినవారు అరుదు. అట్టి అరుదైన మేధావి చార్లెస్ బాబేజ్. ఆయన జీవితమును విద్యార్థి మిత్రులతో కలసి స్మరింపదలచినాము.

బాబేజ్ 1791 డిసెంబరు 26న లండనులో జన్మించారు. కేంబ్రిడ్జిలో విద్య నభ్యసించి, 1828 నుండి 1839 వరకు అక్కడనే గణితాచార్య పదవి నలంకరించారు. 1821లో మిత్రుడు జాన్ హెర్షెల్‌తో కలసి ఖగోళ పట్టికలను సరిచూచుచుండగా తప్పులు అడుగడుగున కనిపించినవి. నావికులు నడిసముద్రమున నమ్ముకొనునవి అట్టి పట్టికలే. ఈ శ్రమను యంత్రమునకు అప్పగించరాదా అను ఆలోచన నాడే ఆయన మనసున నాటుకొన్నది.

1823లో ప్రభుత్వ సహాయముతో ఆరంభమైన డిఫరెన్స్ ఇంజను పని 1833లో నిలిచిపోయినది. 1842లో ప్రభుత్వము దానిని పూర్తిగా విడనాడినది. అప్పటికి 17,000 పౌండ్లకు పైగా వ్యయమైనది. తప్పు అంకెలు వేసినచో సరియైన జవాబు వచ్చునా అని పార్లమెంటు సభ్యులిరువురు వేర్వేరు సందర్భములలో అడుగగా, అట్టి సందేహమెట్లు పుట్టినదో ఆయనకు బోధపడలేదు.

1834 నుండి ఆయన అనలిటికల్ ఇంజనును రూపొందించసాగారు. అది చిల్లుల అట్టలతో నడువవలసిన యంత్రము. దానికి ఒక సంఖ్య యొక్క లాగరిథము కావలసినప్పుడు గంట మ్రోగించి, ఆ సంఖ్యను చూపును. సేవకుడు తెచ్చిన అట్టపై నున్న సంఖ్యను తాను కోరిన సంఖ్య నుండి తీసివేసి చూచును. శేషము సున్న అయినచో పని సాగించును. కానిచో ఆగిపోయి, మరింత పెద్ద గంట మ్రోగించి, వచ్చిన పట్టిక సంఖ్య తప్పని తెలుపును. ఈ ఏర్పాటును ఆయన 1864 నాటి ఆత్మకథలో వివరించారు.

నేడు కంప్యూటరులో వర్గమూలము కట్టు ఫంక్షనుకు సంఖ్యకు బదులు అక్షరములు అందించినచో, పైథాన్ భాష పని నిలిపి, సంఖ్య కావలెనని, వచ్చినది అక్షరములని తెలుపును. కోరినదేదో, అందినదేదో చెప్పు ఈ సందేశము ఆ గంటకు వారసురాలని మా భావన. మౌనముగా తప్పు జవాబిచ్చు యంత్రము కంటె ఆగి హెచ్చరించు యంత్రమే మేలు.

1871 అక్టోబరు 18న బాబేజ్ కన్నుమూశారు. ఆయన గంట ఏనాడును మ్రోగలేదు. అనలిటికల్ ఇంజను పూర్తి కానేలేదు. అయినను ఆయన చిత్రపటముల ననుసరించి లండను సైన్స్ మ్యూజియమువారు 1991లో రెండవ డిఫరెన్స్ ఇంజను గణన భాగమును నిర్మింపగా అది చక్కగా పనిచేసినది.

తప్పు చూపువానిని శత్రువుగా తలంపక, ఆగి సరిదిద్దుకొనుటయే విద్య. ఆ మహనీయుని జీవితము మనకు నేర్పు పాఠము ఇదియే.